తాండూరు బండమీద తడి చక్రాలు

మీ ఇంటి వసారాలోనో, వంటింట్లోనో, పెరట్లో బట్టలుతికే చోటనో ఒక బండ పరచి ఉంటుంది. నీలంగా గాని, కాస్త పసుపుగా గాని ఉంటుంది. వేసవి మధ్యాహ్నం దానిమీద నడుం వాలిస్తే ఒంటికి చలవ. కొందరు షాబాదు బండ అంటారు, కొందరు నాపరాయి అంటారు, హైదరాబాదు చుట్టుపక్కల తాండూరు బండ అంటారు. ఆ బండ పుట్టిన ఊరు వెళ్ళి స్వయంగా చూసి కొనుక్కోవాలని మా అక్కయ్య చాలాకాలంగా అంటున్నది. కొత్తగా వేయిస్తున్న వెనక వసారాకు రాయి కావాలి. ఏడాదికి సరిపడా కందిపప్పూ కావాలి. సంక్రాంతి వెళ్ళిన వారం ప్రయాణం కుదిరింది. కాని మా బావగారికి రాతితోనూ పప్పుతోనూ పని లేదు. వారికి కావలసింది గతుకుల రోడ్డు, ఒక ఘాటు, ముందు ఆ రెంటిమీదా నడిపి చూడవలసిన ఒక కారు.

ఆ కారు పేరు ఎం.జి. టి.సి. ఇవాళ రోడ్లమీద అదే పేరుతో తిరుగుతున్న పెద్ద పెద్ద బళ్ళను తలచుకోకండి. ఇది ఇంగ్లండులో ఆబింగ్‌డన్ అనే ఊళ్ళో 1945 నుంచి 1949 దాకా తయారైన స్పోర్ట్స్ కారు. అన్నీ కలిపి సుమారు పదివేలు చేశారు, అంతే. ఇద్దరికే చోటు. ఇంజను 1250 సి.సి. ముందు అద్దాన్ని మడిచి బానెట్టు మీదికి పడుకోబెట్టవచ్చు. తలుపుల కీళ్ళు వెనకవైపు ఉంటాయి. చక్రాలు పందొమ్మిది అంగుళాలవి, సైకిలు చక్రాలలాగ తీగ ఆకులతో ఉంటాయి. వాటిని నాలుగు బోల్టులతో బిగించరు, నడుమ రెండు చెవుల నట్టు ఒక్కటే ఉంటుంది, దాన్ని సుత్తితో కొట్టి బిగించాలి. చూసేవాళ్ళకు ముచ్చటే; నడిపేవాళ్ళకు మాత్రం నడుము, మెడ, ఓపిక మూడూ గట్టివై ఉండాలి.

బావగారి తండ్రి ఈ బండిని 1956లో బొలారంలో ఒకాయన దగ్గర కొన్నారు. అప్పుడు ఆయన తమ్ముడు క్షయతో అనంతగిరి శానిటోరియంలో ఉన్నాడు. ప్రతి ఆదివారం పళ్ళబుట్ట పెట్టుకుని తండ్రి ఈ కారులో అనంతగిరి వెళ్ళేవారు. పక్క సీట్లో అయిదారేళ్ళ బావగారు. ఆ తమ్ముడు కోలుకుని ఇంటికి వచ్చాడు కూడాను. తరవాత బండి మూల పడింది. నలభై ఏళ్ళకు పైగా షెడ్డులో కోళ్ళకు కాపురమయింది. ఉద్యోగం విరమించాక బావగారు నాలుగేళ్ళు కూర్చుని దాన్ని మళ్ళీ బండిగా నిలబెట్టారు. అక్కయ్య ఆ నాలుగేళ్ళ ఖర్చును గురించి మాట్లాడదు. మాట్లాడకపోవడమే ఆవిడ పద్ధతి.

ఇంత చేసినా బండి తిన్నగా నడవదు. స్టీరింగును ఒక పాతిక కుడికి తిప్పి పట్టుకుంటేగాని నేరుగా పోదు. చేతులు సర్ది నిటారుగా పెడితే ఎడమకు జరుగుతుంది. మన రోడ్లు నడుమ ఎత్తుగా, పక్కలకు వాలుగా ఉంటాయి గనుక ఎడమపక్కన నడిచే బండి ఎడమకు కాస్త జారడం సహజం. కాని ఖాళీ రోడ్డులో కుడిపక్కకు తీసుకువెళ్ళి చూసినా ఇదే వరస. బెంగుళూరు నుంచి ఒకాయన మంచి ధర ఇస్తానని అడుగుతున్నాడు. "ఈసారి కూడా మాట వినకపోతే ఇచ్చేస్తానోయ్. ఎదురుగా లారీ వస్తూంటే పక్కకు పోయే బండిలో నేను మీ అక్కయ్యను కూర్చోబెట్టలేను" అన్నారు బావగారు నాతో. అన్న తరవాత చాలాసేపు కాళ్ళకేసి చూస్తూ కూర్చున్నారు.

ఇక్కడ చక్రాల లెక్క కాస్త చెప్పాలి. కారు ముందు చక్రాలు రెండూ మనం అనుకున్నట్టు సమాంతరంగా, నిటారుగా ఉండవు. టి.సి. వంటి బండిలో వాటి ముందు అంచుల మధ్య దూరం వెనక అంచుల మధ్య దూరంకన్నా చిటికెడు తక్కువ ఉండాలి — బొటనవేళ్ళు లోపలికి తిప్పుకుని నిలబడ్డ మనిషిలాగ. ఈ బండికి ఆ తేడా అంగుళాన్ని పదహారు భాగాలు చేస్తే అందులో మూడు. అంటే అయిదు మిల్లీమీటర్లకు కొద్దిగా తక్కువ. నడిచేటప్పుడు రోడ్డు చక్రాలను వెనక్కు నెడుతుంది, కీళ్ళలో ఉన్న కాస్త వదులు సర్దుకుంటుంది, చక్రాలు అప్పుడు సమాంతరమవుతాయి. దీన్ని టో-ఇన్ అంటారు. రెండోది క్యాస్టర్. సైకిలు హ్యాండిలు కడ్డీ నిలువుగా ఉండక వెనక్కు వాలి ఉంటుంది చూడండి, అందువల్లనే చేతులు వదిలినా సైకిలు కాసేపు తిన్నగా పోతుంది. కారులోనూ అంతే. టి.సి. మొదటి బళ్ళకు ఈ వాలు ఎనిమిది డిగ్రీలు పెట్టారు. అది ఎక్కువై బండి బరువుగా, అటూ ఇటూ వెతుక్కుంటున్నట్టుగా నడుస్తున్నదని తరవాత కంపెనీవారే అయిదున్నరకు తగ్గించారు. టి.సి. స్టీరింగు మీద ప్రపంచమంతటా ఉన్న యజమానులు నేటికీ వాదించుకుంటూనే ఉంటారు. ఇరుసుకూ కమాను పట్టీలకూ మధ్య సన్నని ఇనుప చీలికలు పెట్టి వాలు సరిచేసుకునేవాళ్ళు కొందరు, స్టీరింగు పెట్టెనే మార్చేసేవాళ్ళు కొందరు.

బావగారు ఆ చీలికలూ పెట్టారు, కింగ్ పిన్నులూ మార్చారు. టైర్లు ఎడమవి కుడికి, కుడివి ఎడమకు వేసి చూశారు. ఒక టైరు దోషమైతే గుంజుడు పక్క మారాలి, మారలేదు. చక్రాన్ని పైకెత్తి తిప్పి ఆకుల వంకర తీయించారు. హైదరాబాదులో ఒక పెద్ద దుకాణానికి తీసుకువెళ్తే అక్కడి కంప్యూటరు యంత్రం కొక్కేలు ఈ చక్రాలకు పట్టలేదు. యంత్రంలో ఉన్న కార్ల జాబితాలో దీని పేరూ లేదు. చివరికి వాళ్ళు ముందు చక్రాలు రెండింటినీ చేత్తో కొలిచి టో-ఇన్ సరిగ్గా ఉన్నదన్నారు. ఉన్నది కూడాను. అయినా స్టీరింగు వంకరగా ఉన్నదంటే, స్టీరింగు చక్రాన్నే ఊడదీసి తిన్నగా తిప్పి మళ్ళీ బిగించి ఇచ్చారు. కన్ను మెల్లగా ఉన్నదని వెళ్తే కళ్ళజోడు పక్కకు తిప్పి పెట్టినట్టు! వారం తిరక్కుండా మళ్ళీ మొదటికే వచ్చింది.

అలాంటి బండిలో బావగారూ నేనూ ముందు, అక్కయ్యా మేనల్లుడూ వాళ్ళ మామూలు కారులో వెనక, తెల్లవారుజామున బయలుదేరాము.

మొయినాబాదు దాటి చేవెళ్ళ పోయే బిజాపూరు రోడ్డు మర్రిచెట్లకు పేరు. రెండువైపులా ముసలి మర్రులు, ఊడలు కత్తిరించిన గుర్తులతో, రోడ్డుమీద కలిసిపోయి పందిరి వేసి ఉంటాయి. రోడ్డు వెడల్పు చేయాలన్నప్పుడు వందలకొద్దీ ఉన్న ఈ చెట్లకోసం జనం హరిత ట్రిబ్యునలు దాకా వెళ్ళారు. చెట్లు కావాలన్నవారిదీ న్యాయమే, రోడ్డు కావాలన్నవారిదీ న్యాయమే. 2025 నవంబరులో ఈ దారిలోనే మీర్జాగూడ దగ్గర తాండూరు నుంచి వస్తున్న బస్సును కంకర టిప్పరు ఢీకొని ఎన్నో ప్రాణాలు పోయాయి. ఆ చోటు దాటేటప్పుడు బావగారు మాట్లాడలేదు. స్టీరింగును రెండు చేతులా పట్టుకుని కుడికి తిప్పి ఉంచారు. ఎదురుగా రాతిలోడు లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్క లారీ గాలి తగిలినప్పుడల్లా మా బండి ఉలిక్కిపడుతున్నది.

మన్నెగూడ దగ్గర బిజాపూరు రోడ్డు విడిచి వికారాబాదు దారి పట్టాము. ఈ ఊరి పేరు పైగా వంశానికి చెందిన వికారుల్ ఉమ్రాది. హైదరాబాదులో ఫలక్‌నుమా మేడ కట్టించింది ఆయనే. నిజాముకు దివానుగా కూడా పనిచేశాడు. ఊరికి ప్రాణం రైలుజంక్షను. సికింద్రాబాదు నుంచి వాడి పోయే పాత లైను 1874లో వచ్చింది. బీదరు వైపు పోయే లైను ఇక్కడే చీలుతుంది. 2016లో జిల్లా కేంద్రమయినా స్టేషను ముందు టీకొట్టు దగ్గర మాత్రం ఊరు ఊరుగానే ఉన్నది.

ఆ టీకొట్టు దగ్గరే అక్కయ్య దిగి వచ్చి, "వెనకనుంచి చూస్తూంటే మీ బండి తోక కుడిపక్కకు పోతున్నదండీ. మూతి ఒక పక్క, నడక ఒక పక్క. పీత నడిచినట్టున్నది" అన్నది. బావగారు నవ్వి, "రోడ్డే అలా ఉంటే బండి ఏంచేస్తుంది?" అన్నారు. మేనల్లుడు తల్లి మాట నిజమేనన్నట్టు నాకేసి చూశాడు.

వికారాబాదునుంచి అనంతగిరి ఆరు కిలోమీటర్లు ఉంటుందేమో. తెలంగాణలో ఇంత దగ్గరలో ఇంత దట్టమయిన అడవి, ఇంత చల్లని గాలి మరొక చోట దొరకవు. అందుకే నిజాం కాలంలో క్షయరోగులకు ఇక్కడ శానిటోరియం కట్టారు. మందులు రాని రోజుల్లో వైద్యం అంటే మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. ఆ మూడింటికీ ఈ కొండ తగినది. అనంతపద్మనాభస్వామి కోవెల, కింద భవనాశిని కోనేరు ఉన్నాయి. హైదరాబాదును నడిమికి చీల్చుకుంటూ పోయే మూసీ పుట్టింది ఈ కొండల్లోనే. ముచుకుందుడు ఇక్కడి గుహలో నిద్రించాడనీ, ఆయన పేరనే నది ముచుకుంద అయిందనీ స్థలపురాణం. 1908లో హైదరాబాదును ముంచెత్తిన నది ఇదేనంటే, కొండమీద ఆ సన్నని వాగును చూసినవారెవరూ నమ్మరు. ఇంకొక చిత్రం — కొండకు ఇవతల కురిసిన వాన మూసీలో పడి తూర్పుగా పోయి కృష్ణలో కలుస్తుంది. అవతల తాండూరు పక్కనుంచి పోయే కాగ్నా పడమటికి కర్ణాటకలోకి పోయి భీమలో కలుస్తుంది. ఆ భీమ కూడా చివరికి కృష్ణలోకే. పెడముఖం పెట్టుకుని వెళ్ళిన అన్నదమ్ములు ఒకే ఇంటికి చేరినట్టు!

శానిటోరియం ముందు బావగారు రెండు నిమిషాలు బండి ఆపారు. దిగలేదు. "అదుగో ఆ చెట్టుకింద నాన్న బండి ఆపేవారు" అన్నారు. అంతే.

అసలు సంగతి ఘాటులో బయటపడింది. ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు గట్టిగా తొక్కినప్పుడల్లా బండి ఎడమకు లాగింది. ఇది మామూలే. కాని కొండ దిగుతూ కాలు తీసి బ్రేకు వేసేసరికి కుడికి లాగింది! కేరెళ్ళి వైపు ఒక మలుపులో ఈ లాగుడుకు బావగారి ముఖం తెల్లబోయింది. నెమ్మదిగా ఒక చదును చోట ఆపి కాసేపు కూర్చున్నారు. "ఏమోయ్, ముందు చక్రాల కొలత తప్పితే ఎక్కినా దిగినా ఒకే పక్కకు లాగాలి కదా? కాలు వేస్తే ఒకవైపు, తీస్తే ఒకవైపు ఏమిటి?" అన్నారు. అది బావగారు ఆ రోజు అడిగిన ప్రశ్నల్లోకెల్లా మంచిది. ఇంజను బలం పోయేది ముందు చక్రాలకు కాదు, వెనక చక్రాలకు.

ధారూరు, పెద్దేముల్ మీదుగా నెమ్మదిగా పోయాము. దారికి రెండువైపులా నల్లరేగడిలో కంది కోసి కుప్పలు వేశారు. ఈ నేల కందిపప్పు రుచి వేరని ఎప్పటినుంచో ప్రతీతి. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇక రోడ్డు సంగతి! సిమెంటు లారీలూ రాతి లారీలూ కలిసి దాన్ని దున్నిన చేనులా చేశాయి. టి.సి.కి కమాను పట్టీలు గట్టివి. ప్రతి గుంటా వెన్నెముకలో నమోదయింది.

తాండూరు చేరగానే తెలిసిపోతుంది. ఇళ్ళ గోడలు రాయి, కంచె రాయి, పశువుల తొట్టి రాయి, అరుగు రాయి. నేలను పొరలు పొరలుగా విప్పితే బండ వస్తుంది, పుస్తకంలో పేజీలు తీసినట్టు. సున్నపురాయి జాతి గనుక సిమెంటు కార్ఖానాలూ వచ్చాయి. పాలిషు షెడ్లలో యంత్రాలు నీళ్ళు చిమ్ముతూ బండను రుద్దుతూంటే బూడిదరంగు పాలు కాలువలై పారుతాయి. మాటల్లో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ కలిసి ఉంటాయి. ఒక వాక్యం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో ముగిస్తే ఎవరికీ తప్పు కాదు.

అక్కయ్య రాళ్ళు తట్టి చప్పుడు విని ఏరుతూంటే — పగులున్న బండ బొంగురుగా పలుకుతుందని ఆవిడకు ఎవరు చెప్పారో! — బావగారు షెడ్డు యజమానికి తమ గోడు చెప్పుకున్నారు. ఆయన లారీల పట్టీలు చూసే మేస్త్రీకి కబురుచేశాడు. అరవై ఏళ్ళుంటాయి, చేతులనిండా గ్రీసు. బండిని చూసి మురిసిపోలేదు, బానెట్టు ఎత్తమనలేదు. వెనకవైపు పోయి ఒక కన్ను మూసి చూశాడు. తరవాత నేలకేసి చూశాడు. ఆ షెడ్డు నేలంతా పాలిషు బండ, నీళ్ళగొట్టంతో మట్టం చూసి పరిచినది.

"సారూ, జర బండి ఎన్కకు పోనియ్యుండ్రి. నేను నీళ్లు గొడ్త. గా నీళ్లల్లకెల్లి సక్కగ, మెల్లగ ముంగటికి రాండ్రి" అన్నాడు.

పైపుతో నీళ్ళు కొట్టాడు. బావగారు నీళ్ళలోనుంచి పొడి బండమీదికి తిన్నగా నడిపి ఆపారు. టి.సి.కి ముందు చక్రాల మధ్య దూరం, వెనక చక్రాల మధ్య దూరం ఒకటే, 45 అంగుళాలు. తిన్నగా పోతే ముందు చక్రం జాడమీదనే వెనక చక్రం జాడ పడాలి. రెండే గీతలు కనిపించాలి. తాండూరు బండమీద తడి జాడ సిరాతో గీసినట్టు కనిపిస్తుంది. వంగి చూశాము. రెండు గీతలకూ కుడి అంచున, అంగుళం మేర, ఇంకో జాడ తొంగి చూస్తున్నది. రెంటికీ కుడివైపే.

"ముంగటి టైర్లు మంచిగనే ఉన్నయ్ సారూ. ఎన్క ఇరుసు జరిగింది. లోడు లారీలకు ఇది మాకు దినాం ఉండేదే" అన్నాడు మేస్త్రీ.

అక్కయ్య రాళ్ళ దగ్గరనుంచి, "నేను చెప్పలేదూ?" అన్నది. తల తిప్పి చూడను కూడా చూడలేదు.

అయినా బావగారికి కొలతలేనిదే నమ్మకం కుదరదు. తూకం గుండు దారాన్ని నాలుగు చక్రాల నడిమినుంచి వేలాడదీసి, గుండు తగిలినచోట సుద్దతో చుక్క పెట్టాము. బండిని పక్కకు తోసేశాము. నాలుగు చుక్కలు మిగిలాయి. కుడిపక్క ముందు చుక్కకూ వెనక చుక్కకూ మధ్య 94 అంగుళాలు, పుస్తకంలో ఉన్నట్టే. ఎడమపక్క అర అంగుళం తక్కువ. వెనక ఇరుసు ఎడమ కొస ముందుకు జరిగింది. అందువల్ల వెనక చక్రాలు రెండూ కొద్దిగా కుడికేసి చూస్తూ, బండి వెనకభాగాన్ని కుడికి నెడుతున్నాయి. మూతి ఎడమకు తిరుగుతున్నది. దాన్ని సరిచేయడానికి బావగారు ముందు చక్రాలను కుడికి పట్టుకుని కూర్చుంటున్నారు. పాపం, ముందు చక్రాలు చేసిన నేరం ఏమీ లేదు. వాటి రెంటి మధ్యా కొలత ఎన్నిసార్లు చూసినా సరిగ్గానే ఉంటుంది మరి!

కారణం కింద పడుకుని చూస్తే తెలిసింది. కమాను పట్టీలన్నిటినీ నడుమ కలిపి పట్టుకునే సెంటరు బోల్టు ఒకటి ఉంటుంది. దాని తల ఇరుసు మీద ఉన్న గుంటలో కూర్చుని ఇరుసును జరగకుండా ఆపుతుంది. ఎద్దుబండి చక్రానికి చీల ఎంతో దీనికి అదంత. ఎడమపక్క ఆ బోల్టు తెగింది. యు బోల్టులు వదులయ్యాయి. యాక్సిలరేటరు తొక్కితే చక్రం ఇరుసును ముందుకు నెట్టేది, బ్రేకు వేస్తే వెనక్కు పోయేది. అనంతగిరి ఘాటులో ఎక్కుతూ ఎడమకూ, దిగుతూ కుడికీ లాగిన మర్మం ఇదే. ఊడదీసిన ముక్కను మేస్త్రీ అరచేతిలో పెట్టి చూపించాడు. తెగినచోట సగం పాత తుప్పు, సగం కొత్త మెరుపు. అంటే ఎన్నడో పగిలి, మిగిలిన సగంతో పనిచేస్తూ, ఈమధ్యనే పూర్తిగా తెగిందన్నమాట. బావగారు ఆ ముక్కను రుమాలులో చుట్టి జేబులో వేసుకున్నారు.

లారీ బోల్టు దీనికి పెద్దది. పైగా ఇంగ్లీషు మరలు. పక్కనే ఉన్న లేతులో గట్టి ఉక్కు కడ్డీతో బోల్టూ నట్టూ రెండూ చేయించారు. ఆ రెండు గంటల్లో మేం కొట్టునీడలో పులిహోర తిన్నాము, అక్కయ్య రాళ్ళ బేరం ముగించింది, కందిపప్పు ఇరవై కిలోలు వచ్చి మేనల్లుడి కారులో కూర్చున్నది. ఇరుసును జరిపి, బోల్టు తల గుంటలో కూర్చోబెట్టి, యు బోల్టులను ఒకదానికొకటి ఎదురుగా కొద్దికొద్దిగా బిగించాడు మేస్త్రీ. ఒక్కదాన్నే ముందు పూర్తిగా బిగిస్తే ఇరుసు మళ్ళీ పక్కకు పోతుందట. మళ్ళీ గుండు, మళ్ళీ సుద్ద. రెండు పక్కలా 94. నగరంలో తిప్పి పెట్టిన స్టీరింగు చక్రాన్ని ఊడదీసి అసలు చోట పెట్టారు. ముందు చక్రాల టో-ఇన్ దారంతో కొలిచాము. దాన్ని తాకవలసిన పని లేకపోయింది.

చివరికి నీళ్ళమీద నడిపి చూశాము. బండమీద రెండే గీతలు.

మేస్త్రీ అడిగింది తక్కువే. బావగారు ఇచ్చింది ఎక్కువ. తీసుకుంటూ ఆయన, "వంద కిలోమీటర్లు నడిస్తె గా నట్లు మళ్ల ఒకపారి బిగించుండ్రి సారూ. కొత్త బోల్టు, పట్టీలు సదురుకుంటయి. మరువకుండ్రి" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో అనంతగిరి ఎక్కేటప్పుడు బావగారు ఒక్క చెయ్యే స్టీరింగు మీద ఉంచారు. ఘాటు పైన శానిటోరియం ముందు ఆపి, అక్కయ్యను పిలిచి నా సీటు ఇమ్మన్నారు. నేను పప్పు బస్తా పక్కన కూర్చున్నాను. అక్కడినుంచి ముందు టి.సి., వెనక మేము. తోక ఏ పక్కకూ పోలేదు. అక్కయ్య కొంగు ఎగరకుండా పట్టుకుని కూర్చున్నదని మాత్రం కనిపించింది. వికారాబాదులో టీ తాగుతూంటే బెంగుళూరాయన ఫోను వచ్చింది. బావగారు చాలా మర్యాదగా, బండి అమ్మకానికి లేదని చెప్పారు. అక్కయ్య టీ తాగడంలో నిమగ్నమయి ఉన్నది.

చేవెళ్ళ దాటేసరికి పొద్దు వాలింది. తాండూరునుంచి వంద కిలోమీటర్లు కాకపోయినా, బావగారు ఒక మర్రిచెట్టు కింద బండి ఆపి, గోనెసంచి పరచుకుని కిందికి దూరారు. మేనల్లుడు సెల్‌ఫోను దీపం పట్టాడు. నాలుగు నట్లలో మూడు కదల్లేదు. ఒకటి పావు చుట్టు తిరిగింది.